ల్యాండ్‌లైన్ గారి వారసులు

గుండ్లవరం చుట్టుపక్కల ఇరవై ఆరు ఊళ్ళలో ఏ గేదెకు కష్టమొచ్చినా మోగే ఫోను ఒకటుంది. అది పశువుల ఆసుపత్రిలో లేదు. అక్కడ ముప్ఫై ఒక్క ఏళ్ళు కాంపౌండరుగా చేసి రిటైరైన కోటిలింగం ఇంట్లో, ముందుగదిలో, ఒక స్టూలు మీద ఉంది. నంబరు రెండు ఇరవై నాలుగు, ఆరు పద్దెనిమిది. పాలకేంద్రాల గోడల మీద, ఒక ఊళ్ళో అయితే ఏకంగా వాటర్ ట్యాంకు మీద, ఆ నంబరు నీలిరంగుతో రాసి ఉంటుంది. డాక్టర్లు బదిలీల మీద వస్తూ పోతూ ఉంటారు గనక వాళ్ళ నంబర్లు ఎవరూ గుర్తు పెట్టుకోలేదు.

కోటిలింగానికి సెల్‌ఫోను లేకపోలేదు. కానీ ఇరవై ఆరు ఊళ్ళ చేత పాత నంబరు మరిపించి కొత్తది బట్టీ పట్టించడం అయ్యే పని కాదు. గేదె నేల మీద పడి మూలుగుతుంటే మనిషి వేళ్ళు అలవాటైన అంకెల మీదికే పోతాయి.

ఆ నంబరుకు ఉన్న ఒకే ఒక్క ఇబ్బంది, చివర ఎనిమిది బదులు తొమ్మిది నొక్కితే అది మస్తాన్ బిర్యానీ హోటలు కావడం. బిర్యానీ కావలసినవాళ్ళు కోటిలింగానికి, దూడ అడ్డం తిరిగినవాళ్ళు మస్తాన్‌కు తరచూ ఫోన్ చేస్తుండేవాళ్ళు. కోటిలింగం విసుక్కోకుండా ఆర్డరు రాసుకుని మస్తాన్‌కు చేరవేసేవాడు. మస్తాన్ కూడా గేదె రంగు, ఎన్నో ఈతో, ఊరు పేరుతో సహా రాసుకుని కోటిలింగానికి చెప్పేవాడు. పదకొండేళ్ళుగా ఇద్దరి మధ్య ఈ రాకపోకలు సజావుగా సాగుతున్నాయి.

అలాంటి సమయంలో గుండ్లవరాన్ని తీగల్లేని పట్టణంగా ప్రకటించారు.

ఆ ఆలోచన ఎవరికి పుట్టిందో తెలియదు. కళ్యాణమండపంలో సభ జరిగింది. తీగ అనేది మానవజాతి కాలికి వేసిన సంకెల అని ముఖ్యవక్త వివరించాడు. వివరిస్తూ మైకు తీగ కాలికి చుట్టుకుని రెండుసార్లు తూలాడు గానీ ప్రసంగం ఆపలేదు. నెలాఖరుకల్లా టెలిఫోను ఎక్స్చేంజీ మూసేస్తారని, నంబరు పోకూడదనుకున్నవాళ్ళు దాన్ని మేఘస్వర అనే కంపెనీ ఇంటర్నెట్ ఫోనులోకి మార్చుకోవాలని, మార్చుకోని నంబర్లు గాలిలో కలిసిపోతాయని తీర్మానం చదివారు. అందరూ చప్పట్లు కొట్టారు. కోటిలింగం కొట్టలేదు. ఆయనకు ఆ క్షణాన కొండమూరి మునెమ్మ ముర్రా గేదె గుర్తుకొచ్చింది. అది ఈ నెలాఖరునే ఈనాలి. మొగుడు పోయిన మునెమ్మకు ఆ గేదె పాడి ఒక్కటే ఇల్లు నడిపే ఆధారం.

మర్నాడు ఉదయమే ఆయన మేఘస్వర ఆఫీసుకు వెళ్ళాడు. అద్దాల గదిలో శశికిరణ్ అనే మేనేజరు కూర్చోబెట్టి చల్లటి నీళ్ళిచ్చాడు.

"మీ నంబరు తన తదుపరి జీవన దశలోకి ప్రవేశిస్తోంది అంకుల్. మేం దాని ప్రయాణ భాగస్వాములం."

"ఎంత దూరం ప్రయాణం నాయనా?"

"దూరం అనే భావనే మేం తీసేశాం. ఒక్కటే నిబంధన. ఒక నంబరు ఒకేసారి రెండు చోట్ల బతికుండకూడదు. పాత చోట అది డెడ్ అయినట్టు కాగితం తెస్తే, ఇక్కడ లైవ్ చేస్తాం."

కోటిలింగానికి ఇది సబబుగానే తోచింది. అక్కణ్ణుంచి టెలిఫోను ఆఫీసుకు నడిచాడు. ఒకప్పుడు నలభై మంది పనిచేసిన ఆ భవనంలో ఇప్పుడు ఇంజనీరు చిదంబరం, లైన్‌మాన్ ఏసోబు, ఒక పిల్లి మిగిలారు. ఎక్స్చేంజీ మూసేస్తే చిదంబరాన్ని రాష్ట్రం అవతలి అంచుకు బదిలీ చేస్తారు. ఆ దిగులుతో ఆయన రోజుకు రెండు పూటలా నిబంధనల పుస్తకం పారాయణ చేస్తున్నాడు.

"పనిచేస్తున్న ఫోనును డెడ్ అని ఎట్లా రాస్తామండీ? నేను సంతకం పెట్టే మనిషిని," అన్నాడు చిదంబరం. "డెడ్ అని మీరు ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదు ల్యాండ్‌లైన్ నుంచే చేయాలి. నూట తొంభై ఎనిమిదో నంబరుకు."

కోటిలింగం జీవితంలో అబద్ధం ఆడింది తక్కువ. ఇంటికొచ్చి, భార్య రాజ్యలక్ష్మి వినకుండా గొంతు తగ్గించి, ఫిర్యాదు చేశాడు.

"ఏ నంబరు పనిచేయడం లేదు?" అని అవతల చిదంబరం గొంతే అడిగింది.

"రెండు ఇరవై నాలుగు, ఆరు పద్దెనిమిది."

"మీరు ఏ నంబరు నుంచి మాట్లాడుతున్నారు?"

"దాన్నుంచే."

"నమోదు చేసుకున్నాం. లక్షణాలేమైనా ఉన్నాయా?"

"వానొస్తే కొంచెం గరగరలాడుద్ది," అన్నాడు కోటిలింగం నిజాయితీగా.

ఇంతవరకు బాగానే ఉంది. అయితే ఆ రెండు వారాలూ తెలుగు భాషా పక్షోత్సవాలు. ఆఫీసునుంచి వెళ్ళే ప్రతి కాగితం ఒక్క ఇంగ్లీషు మాట లేకుండా తెలుగులో ఉండాలని ఆదేశం. కాబట్టి కోటిలింగం చేతికొచ్చిన కాగితంలో ఇలా ఉంది: "శ్రీ కోటిలింగం గారి గృహమునందలి దూరవాణి సంఖ్య 224618, కొంతకాలముగా గొంతు గరగరతో బాధపడి, ఈ నెల ఎనిమిదవ తేదీన మరణించినదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

రాజ్యలక్ష్మి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. "పోయినోళ్ళకి కూడా ఇంత బాగా రాయరు," అంది.

శశికిరణ్ దాన్ని కంప్యూటర్లో పెట్టాడు. కంప్యూటరు కాసేపు ఆలోచించింది. తర్వాత అతని మొహం కూడా ఆలోచనలో పడింది.

"అంకుల్, ఇది మరణ ధ్రువపత్రం. మరణించినవారిది ఏదైనా మనం తీసుకోవాలంటే వారసత్వ ధ్రువపత్రం జతచేయాలి. సిస్టం అడుగుతోంది."

"అది ఫోను నాయనా. నా ఫోను."

"నాకు తెలుసు అంకుల్. సిస్టానికి తెలియదు. సిస్టానికి తెలిసిందే మాకు తెలిసినట్టు."

అలా కోటిలింగం తహసీల్దారు కార్యాలయానికి చేరాడు. అక్కడ రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ భుజంగరావు ముందు నిలబడ్డాడు. భుజంగరావు ఏ దరఖాస్తునూ తిప్పి పంపే మనిషి కాదు. గడులన్నీ నిండితే చాలు, ఆయన మనసు నిండిపోతుంది.

"మృతుడి వయసు?"

"ముప్ఫై ఏళ్ళుంటాయండీ. అయితే మృతుడు మనిషి కాదు."

"ఆ వివరానికి ఇక్కడ గడి లేదు. వివాహితుడా?"

"కనెక్షన్ అయితే ఉంది."

భుజంగరావు కలం ఆపి కాసేపు చూశాడు. "అక్రమ సంబంధాలు మనం రాయొద్దు లెండి. అవివాహితుడు. మీకు ఏమవుతాడు? కొడుకా, తమ్ముడా?"

"నా ఇంట్లో ఉంది. అంతే."

"ముప్ఫై ఏళ్ళూ మీ ఇంట్లోనే పెరిగాడా?"

"మా ముందుగదిలోనేనండీ."

"పెంపుడు తండ్రి," అని రాసి భుజంగరావు తృప్తిగా తల ఊపాడు. "పత్రికా ప్రకటన ఇస్తాం. పదిహేను రోజుల్లో అభ్యంతరాలు రాకపోతే ధ్రువపత్రం మీదే."

ప్రకటన వెలువడిన రోజు పొద్దున ఏడింటికే ఫోన్ మోగింది. తీగ కత్తిరించాలంటే ఏసోబుకు నిచ్చెన మంజూరు కావాలి, నిచ్చెన ఇంకా జిల్లా ఆఫీసులోనే ఉంది, కాబట్టి మరణించిన ఫోను యథాప్రకారం మోగుతూనే ఉంది. అవతల నరసరావుపేటలో ఉన్న పినతండ్రి కొడుకు సీతాపతి. పేపర్లో కోటిలింగం పేరూ, మృతి అనే మాటా ఒకే వరసలో చూసి గాబరాపడ్డాడు.

"వదినా, ఎట్టా జరిగింది? అన్నయ్య ఎట్టా పోయాడు?"

"నేనే మాట్లాడేది సీతాపతీ. పోయింది నేను గాదు, ఫోను."

"ఏ ఫోను?"

"నువ్విప్పుడు చేసిన ఫోనే."

"సరే అన్నయ్యా," అన్నాడు సీతాపతి, "ఇంకాసేపట్లో సెల్లుకు చేస్తా."

ఆ వారమంతా ఇదే వరస. వీధిలో వాళ్ళు కోటిలింగాన్ని చూసి గొంతు తగ్గించి పలకరించసాగారు. ఆయనకు నవ్వూ రావడం లేదు, కోపమూ రావడం లేదు. నెలాఖరు దగ్గరపడుతోంది. మునెమ్మ రోజూ పొద్దున ఫోన్ చేసి గేదె పొదుగు దింపిందనీ, నడుము జారిందనీ ఈనే గుర్తులు చెబుతోంది. "ఇంకో నాలుగు రోజులు పట్టుద్ది మామా," అంటోంది. ఆ నాలుగు రోజుల్లో ఫోను ఉంటుందో ఉండదో ఆయనకే తెలియదు. తను అబద్ధం చెప్పి చంపిన ఫోనులోనే ఆమెకు ధైర్యం చెప్పడం ఆయనకు ముల్లులా గుచ్చుకునేది.

మస్తాన్ కూడా ప్రకటన చూశాడు. విషయం తెలుసుకుని బాధపడి, కోటిలింగానికి సాయంగా నాలుగు మంచి మాటలు చెబుదామని హోటలు మూసుకుని తహసీల్దారు కార్యాలయానికి వెళ్ళాడు.

"ఆ నంబరు మా పెద్దాయనదే సార్," అన్నాడు భుజంగరావుతో. "పదకొండేళ్ళ నుంచి నా ఆర్డర్లు సగం దాంట్లోనే వస్తన్నయి. నాకు తెలవదా?"

"అంటే పదకొండేళ్ళుగా ఆ నంబరు ఫలసాయం మీరు అనుభవిస్తున్నారు."

"ఆయన దయ సార్ అదంతా."

భుజంగరావు కొత్త కాగితం తీశాడు. రెవెన్యూ భాషలో పట్టాదారు వేరు, అనుభవదారు వేరు. పొలం ఒకరి పేరున ఉండి పంట ఒకరు తింటుంటే వివాదమే. మస్తాన్ టీ తాగి బయటికి వచ్చేసరికి తనకు తెలియకుండానే అనుభవదారుగా అభ్యంతరం దాఖలు చేసినవాడయ్యాడు. విషయం అర్థమై పరుగున కోటిలింగం ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"పెద్దాయనా, నీకు మేలు చేద్దామని పోయి నీ మీద కేసు పెట్టి వచ్చా," అన్నాడు.

కోటిలింగం అతన్ని లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చాడు. "నువ్వు పెట్టలా మస్తానూ. వాళ్ళు పెట్టించుకున్నారు. కూర్చో."

ఇరవై ఆరో తేదీ ఉదయం పది గంటలకు స్థల విచారణ. కోటిలింగం ముందుగదిలోకి భుజంగరావు, చిదంబరం, శశికిరణ్, మస్తాన్ చేరారు. రాజ్యలక్ష్మి అందరికీ మజ్జిగ ఇచ్చి తలుపు దగ్గర నిలబడింది. భుజంగరావు టేపుతో స్టూలు పొడవూ వెడల్పూ కొలిచి, మృతుడి ఆఖరి నివాసంగా నమోదు చేశాడు. తూర్పున కిటికీ, పడమర క్యాలెండరు, ఉత్తరాన గోడ అని సరిహద్దులు రాసుకుంటుండగా ఫోన్ మోగింది.

అందరూ దాని వంక చూశారు.

"ఎవరూ తాకొద్దు," అన్నాడు భుజంగరావు. "చనిపోయినవారి తరఫున మాట్లాడటం నేరం కిందికి వస్తుంది."

"అది మోగడం కూడా సాంకేతికంగా మా దృష్టికి రాలేదు," అన్నాడు చిదంబరం కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఫోను ఆగకుండా మోగుతోంది. ఈ వేళప్పుడు అంతసేపు ఎవరు మోగిస్తారో కోటిలింగానికి తెలుసు. ఆయన లేచాడు.

"కూర్చోండి," అన్నాడు భుజంగరావు. "నేను పంచనామాలో రాయాల్సి ఉంటుంది."

"రాసుకో నాయనా," అన్నాడు కోటిలింగం. "నేను మాట్లాడాలి."

స్పీకరు మీట నొక్కాడు. చెవికి సరిగా వినపడక ఆయన ఎప్పుడూ అలాగే మాట్లాడతాడు.

"మామా," అంది మునెమ్మ. "నీళ్ళు పోయి గంటయింది. ఒక్క కాలే కనపడతంది. గేదె పడుకోని లేవడంలా."

"ఆస్పత్రికి చేశావా?"

"డాక్టరు మీటింగుకు పోయాడంట."

"సరే. ముక్కు తగులుతుందా చేతికి?"

"తగులుతంది."

"రెండో కాలు మడతపడి లోపలుంది. ఎవురినీ లాగనియ్యబాక. పక్కనెవురున్నారు?"

"మా తోడికోడలుంది. నలుగురు మొగోళ్ళు తాడేసి లాగుదామంటన్నారు."

"వాళ్ళని దూరంగా పొమ్మను. సబ్బుతో మోచేయి దాకా కడుక్కో. నూనె రాసుకో. గేదె ముక్కేటప్పుడు చెయ్యి ఆపు. అది ఊపిరి తీసుకునేటప్పుడు దూడను మెల్లంగా లోపలికి నెట్టు."

"లోపలికా మామా?"

"లోపలికే. కాలు తిప్పడానికి చోటు గావాలిగా."

ఫోనులో గేదె మూలుగు, ఎవరో దేవుణ్ణి తలుచుకోవడం, మళ్ళీ గేదె మూలుగు. భుజంగరావు టేపు చేతిలో పట్టుకునే నిలబడ్డాడు. శశికిరణ్ మెల్లగా నేల మీద కూర్చుండిపోయాడు.

"మోకాలు దొరికింది మామా."

"దాని వెంబడి కిందికి పో. గిట్ట దొరుకుద్ది. గిట్టను అరచేత్తో మూసి పట్టుకో, లోపల గీసుకోగూడదు. పట్టుకున్నాక ముందుకు తిప్పు. తొందర లేదు."

తొందర లేదని చెబుతున్న మనిషి చొక్కా చెమటకు వీపుకు అతుక్కుపోయింది. రాజ్యలక్ష్మి దగ్గరకొచ్చి ఆయన వెనకాల నిలబడింది. చాలాసేపు ఫోనులో మాట లేదు.

"రెండో కాలు వచ్చిందా?" అని నెమ్మదిగా అడిగింది ఎవరో కాదు, భుజంగరావు.

"వచ్చింది," అంది మునెమ్మ, అడిగింది ఎవరని పట్టించుకోకుండా. "రెండూ వచ్చినయి."

"ఇప్పుడు గేదె ముక్కినప్పుడే లాగు. కిందికి లాగు, నీ కాళ్ళ వైపుకి. అది ఆగితే నువ్వూ ఆగు."

మరో పది నిమిషాలకు నేల మీద ఏదో తడిగా జారిన చప్పుడు వినిపించింది. తర్వాత చిన్న తుమ్ము.

"పెయ్య దూడ మామా," అంది మునెమ్మ, ఆ తర్వాత ఏడుపులో ఆమె మాటలు సరిగా వినపడలేదు. "తల్లి నాకతంది" అన్నది మాత్రం తెలిసింది.

కోటిలింగం ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు. మస్తాన్ కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. భుజంగరావు కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, పెట్టుకోగానే మళ్ళీ రెవెన్యూ ఇన్‌స్పెక్టరయ్యాడు.

"ఇప్పుడొక చిక్కుంది," అన్నాడు. "మృతుడు నలుగురు సాక్షుల ఎదుట ఇరవై ఎనిమిది నిమిషాలు మాట్లాడాడు."

చిదంబరం మొహం పాలిపోయింది. బతికున్నవాడికి మరణ ధ్రువపత్రం ఇచ్చింది ఆయన. దాన్ని రద్దు చేస్తే ఆయన మీద విచారణ. దాన్ని నమ్మి పేపర్లో వేయించింది భుజంగరావు. ఆయన మీదా విచారణ. ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గుండ్లవరం చరిత్రలో రెండు శాఖల మధ్య అంతటి సమన్వయం ఎన్నడూ కుదరలేదు.

"చనిపోవడం వాస్తవం," అన్నాడు చిదంబరం ఒక్కో మాటా తూచి. "మాట్లాడటమూ వాస్తవమే. రెండు వాస్తవాలకూ భంగం కలగకూడదంటే, చనిపోయిన నంబరు మళ్ళీ పుట్టి ఉండాలి."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. పది గంటల పదిహేను నిమిషాలకు. మోగింది కదా. తొలి ఏడుపు అదే."

భుజంగరావు ఆ మాటను మనసులోనే అన్ని గడుల్లోనూ పెట్టి చూశాడు. ఎక్కడా అడ్డు తగల్లేదు. మరణం తన చోట తను ఉంటుంది, జననం తన చోట తను ఉంటుంది. వారసులు అక్కర్లేదు కాబట్టి మస్తాన్ అభ్యంతరమూ మూతపడుతుంది.

"పుట్టిన బిడ్డకు సంరక్షకుడు?"

"పెంపుడు తండ్రి ఉన్నాడుగా," అంది తలుపు దగ్గర నుంచి రాజ్యలక్ష్మి.

"సాక్షిగా దగ్గరి బంధువొకరు సంతకం చేయాలి."

"నేను మేనమామనని రాసుకోండి సార్," అన్నాడు మస్తాన్ తక్షణం. కేసు పెట్టిన పాపం అలాగైనా పోతుందని అతని ఆశ.

"బావుంది," అన్నాడు శశికిరణ్ లేచి ప్యాంటు దులుపుకుంటూ. "అయితే అంకుల్, మా ఒప్పందం మీద సంతకం పెట్టేస్తే నంబరు మా దగ్గరికి వచ్చేస్తుంది."

"ఎవరు పెడతారు?" అన్నాడు భుజంగరావు. "మైనరు ఇల్లు మారాలంటే జిల్లా కోర్టు అనుమతి కావాలి. లేదా పద్దెనిమిదేళ్ళు నిండాలి."

శశికిరణ్ తన ఫోను తీసి సిస్టాన్ని అడిగాడు. సిస్టం భుజంగరావుతో ఏకీభవించింది.

చిదంబరం కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. ఆయన మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. "మైనరు నివసిస్తున్న ఎక్స్చేంజీని మూసేయడానికి వీల్లేదు," అన్నాడు చాలా నెమ్మదిగా, ఎవరైనా వింటే ఆ నిబంధన ఎగిరిపోతుందేమోనన్నట్టు. "పద్దెనిమిదేళ్ళూ ఎక్స్చేంజీ తెరిచే ఉంచాలి. ఇంజనీరు కూడా ఉండాలి."

ఆ సాయంత్రమే కాగితాలన్నీ కదిలాయి. నెలాఖరున గుండ్లవరం తీగల్లేని పట్టణమైంది, ఒక్క తీగ తప్ప. ఎక్స్చేంజీ నుంచి బయలుదేరిన ఆ తీగ పదిహేడు స్తంభాల మీదుగా కోటిలింగం ఇంటికొచ్చి ఆగుతుంది. ఏసోబు దాన్ని రోజూ తుడుస్తున్నాడు. మంజూరైన నిచ్చెన అందుకు పనికొచ్చింది. వేల నంబర్లకు పెట్టిన యంత్రాలన్నీ ఇప్పుడు ఒకే నంబరు మీద శ్రద్ధ పెట్టడం వల్ల గరగర కూడా పోయింది. చిదంబరం పుస్తకం మూసి, ఆవరణలో బెండ మొక్కలు పెట్టాడు.

కోటిలింగం మాత్రం కొన్నాళ్ళు మనసు కుదుటపడక తిరిగాడు. అన్ని సంతకాల్లో ఒక్కటీ నిజం కాదే అని రాజ్యలక్ష్మితో అన్నాడు. "పెయ్య దూడ నిజమేగా," అంది ఆమె బియ్యం ఏరుతూ. ఆయన ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు.

నెలన్నర గడిచాక ఒక ఉదయం ఆశా కార్యకర్త ఎస్తేరు చల్లటి డబ్బా భుజాన వేసుకుని వాకిట్లోకొచ్చింది. భుజంగరావు పంపిన జనన నమోదు పంచాయతీ పుస్తకంలోకి, అక్కణ్ణుంచి ఆరోగ్య శాఖ జాబితాలోకి చేరిపోయింది.

"బాబాయ్, మీ ఇంట్లో నెలన్నర పాప ఉందంట. చుక్కలేయాల."

కోటిలింగం ఆమెకు కుర్చీ వేసి, మొదటినుంచి జరిగిందంతా చెప్పాడు. ఎస్తేరు శ్రద్ధగా విని, స్టూలు మీదున్న ఫోనును ఒకసారి చూసి, జాబితాను ఒకసారి చూసుకుంది. ఆమెకు ఆ రోజు ఇంకా ముప్ఫై నాలుగు ఇళ్ళున్నాయి.

"నిజమే బాబాయ్. కానీ ఈ పేరు కొట్టేయాలంటే పాప పోయినట్టు రాయాల," అంది.

"వొద్దు," అన్నాడు కోటిలింగం వెంటనే. "మళ్ళీ చంపబాక."

"అయితే ఆరోగ్యంగా ఉందని రాసుకుంటా." ఎస్తేరు డబ్బా తెరిచి, నిబంధన ప్రకారం రెండు చుక్కలు ఎవరి నోటా వేయకుండానే మళ్ళీ మూసేసింది. తల్లి పేరు దగ్గర రాజ్యలక్ష్మి అని రాసుకుంది. బరువు గడి దగ్గర ఆలోచిస్తుండగా ఫోన్ మోగడం మొదలుపెట్టింది.

కోటిలింగం ఆమె ముందు మొహమాటపడి కదల్లేదు. ఎస్తేరు కాగితంలోంచి తల ఎత్తకుండానే, ఏ ఇంట్లోనైనా అనే మాటే అంది.

"పాప ఏడుస్తంది బాబాయ్, ఎత్తుకో."

కోటిలింగం వెళ్ళి ఎత్తాడు.